ఆబింగ్డన్ చక్రాలు

ఆక్స్‌ఫర్డ్ నగరానికి దక్షిణంగా ఆరేడు మైళ్ల దూరంలో థేమ్స్ నది ఒక పురాతనమైన రాతి వంతెన కిందుగా సాగిపోతుంది. వంతెన దాటితే ఆబింగ్డన్. పట్టణం నడిబొడ్డున, అంగడి కూడలిలో, ఎత్తైన రాతి కమానుల మీద నిలిచిన కౌంటీ హాలు కనిపిస్తుంది. అది 1678–82 సంవత్సరాల మధ్య కట్టినది. రాజకుటుంబంలో పట్టాభిషేకం వంటి ఉత్సవం జరిగినపుడు పట్టణ పెద్దలు ఆ భవనం కప్పు మీదికి ఎక్కి, కింద గుమిగూడిన జనం మీదికి తియ్యని రొట్టెలు విసురుతారు. 1761లో మూడవ జార్జి పట్టాభిషేకం నాటికే ఉన్న ఆచారమిది. పట్టుకున్న రొట్టెను తినక దాచుకున్నవారూ ఉన్నారు. అటువంటి ఎండు రొట్టెలు కొన్ని పట్టణ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

అయితే సముద్రాల అవతలి దేశాలకు ఈ ఊరి పేరు తెలిసినది రొట్టెల వలన కాదు. అష్టకోణంలో ఇమిడిన ‘ఎం.జి.’ అనే రెండు అక్షరాల వలన. 1929 నుంచి 1980 వరకు ఎం.జి. స్పోర్ట్స్ కార్లు ఇక్కడ తయారై ప్రపంచమంతటికీ వెళ్లాయి. వేసవి ఆదివారాలలో వాటిలో కొన్ని పుట్టింటికి వచ్చినట్లు మళ్లీ ఈ వీధులలోకి వస్తాయి. పైకప్పు మడిచిన చిన్న కార్లు, ముదురు ఆకుపచ్చవి, ఎర్రవి, దంతపు రంగువి, వరుసగా ఆగుతాయి. ఇద్దరు యజమానులు కలిసినపుడు జరిగే తంతు చూడదగినది. ఇంజను మూత ఎత్తడం తరువాతి సంగతి. ముందుగా ఒకరు మోకాళ్ల మీద వంగి, రెండవవారి కారు టైరు పక్క గోడ మీద ఉన్న అంకెలను చదువుతారు. ఆ తరువాతనే మాట మొదలవుతుంది.

కొత్తవారికి ఇది వింతగా తోచవచ్చు. టైరు అరిగితే మరొకటి వేయించుకుంటే సరిపోదా అని అనిపిస్తుంది. కాని అరవై ఏళ్ల నాటి కారుకు ఈ ప్రశ్న అంత సులువైనది కాదు. ఏ సైజు చక్రం, ఏ సైజు టైరు అన్నదాని మీద, వానలో మలుపు తిరుగుతున్నపుడు ఆ కారు రోడ్డును పట్టుకుని ఉంటుందా, కంచెలోకి పోతుందా అన్నది ఆధారపడి ఉంటుంది. ఎంత బలమైన ఇంజను అయినా, ఎంత మంచి బ్రేకులైనా, పనిచేసేది అరచేయి వెడల్పున్న నాలుగు రబ్బరు ముక్కల ద్వారానే.

ఆబింగ్డన్‌కు పడమటి వైపున కర్మాగారం ఉండిన ప్రదేశానికి నడిచి వెళ్లినవారికి నిరాశే ఎదురవుతుంది. ఇళ్లు, కార్యాలయాలు, ఒక పోలీసు స్టేషను. దగ్గరలోని రెండు రోడ్లకు మాత్రం కింబర్, నఫీల్డ్ అనే పేర్లు మిగిలాయి. నఫీల్డ్ ప్రభువు అంటే ఆక్స్‌ఫర్డ్‌లో సైకిళ్లు బాగుచేస్తూ జీవితం ప్రారంభించిన విలియం మోరిస్. ఆయన గరాజుల పేరు ‘మోరిస్ గరాజెస్’. ఆ పేరులోని మొదటి అక్షరాలే ఎం.జి. సెసిల్ కింబర్ 1922లో ఆ గరాజులకు మేనేజరై, సాదా మోరిస్ కార్లకు తేలికైన, అందమైన బాడీలు అమర్చి అమ్మడం మొదలుపెట్టాడు. గిరాకీ పెరిగి చోటు చాలక 1929లో ఆబింగ్డన్‌కు, ఒక తోళ్ల కర్మాగారంలో ఖాళీగా ఉన్న భాగానికి, తరలి వచ్చాడు. తాను పెంచిన సంస్థనుంచి కింబర్ 1941లో వైదొలగవలసి వచ్చింది. 1945 ఫిబ్రవరిలో, లండన్‌లోని కింగ్స్ క్రాస్ స్టేషను వద్ద జరిగిన రైలు ప్రమాదంలో మరణించాడు. జీవితమంతా వేగంతో గడిపిన మనిషి మెల్లగా కదులుతున్న రైలులో పోవడం విధి చేసిన పరిహాసం.

ఆ కర్మాగారంలో ఆర్భాటం తక్కువ. ఇంజన్లు, బాడీలు బయటి ఊళ్లనుంచి వచ్చేవి. ఇక్కడ వాటిని కూర్చేవారు. ఒక దశనుంచి మరొక దశకు కార్లను పనివాళ్లే చేతులతో తోసేవారు. 1979 సెప్టెంబరులో, ఆబింగ్డన్‌లో యాభై ఏళ్లు నిండిన సందర్భాన్ని పట్టణం ఉత్సవంగా జరుపుకున్నది. ఆ సంబరం ముగిసీ ముగియకముందే, 10వ తేదీ సోమవారం నాడు, మూసివేత వార్త వెలువడింది. 1980 అక్టోబరులో చివరి కారు బయటికి వచ్చింది.

ఈ చరిత్రలో మనకు దగ్గర సంబంధమున్న ఘట్టం ఒకటి ఉన్నది. ఆబింగ్డన్‌కు కొద్ది మైళ్ల దూరంలోని కౌలీలో మోరిస్ కార్ల ప్రధాన కర్మాగారం ఉండేది. అక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారే కలకత్తా సమీపంలోని ఉత్తర్‌పారాకు వచ్చి అంబాసిడర్ అయినది. 2014 వరకు మన రోడ్ల మీద పుట్టుతూ వచ్చిన ఆ కారులో చాలాకాలం ఉన్న 1489 సి.సి. ఇంజను, 1955లో ఆబింగ్డన్‌లో వెలువడిన ఎం.జి.ఎ. స్పోర్ట్స్ కారు ఇంజనూ ఒకే కుటుంబానివి. హైదరాబాదు స్టేషను ముందు టాక్సీకీ, ఇంగ్లండు పల్లె రోడ్ల మీద దూసుకుపోయిన ఎర్ర కారుకూ ఉన్న చుట్టరికం అది. అంబాసిడర్ టైరు మీద ‘5.90–15’ అని ఉండేది. ఎం.జి.ఎ. టైరు మీద ‘5.60–15’. మొదటి అంకె టైరు వెడల్పు అంగుళాలలో, రెండవది రిమ్ము వ్యాసం అంగుళాలలో. మన పాత డ్రైవర్లు ఎవరైనా ఆబింగ్డన్ వెళ్లి ఆ అంకెలను తడుముకోకుండా చదవగలరు.

ఎం.జి. కార్లను తయారైన క్రమంలో వరుసగా నిలబెడితే, చక్రం క్రమంగా చిన్నది కావడం కనిపిస్తుంది. 1945 నుంచి 1949 వరకు వచ్చిన టి.సి. కారుకు చక్రం 19 అంగుళాలది. టైరు వెడల్పు నాలుగున్నర అంగుళాలే. సన్నని తీగల చువ్వలతో అది పెద్ద సైకిలు చక్రంలాగా ఉంటుంది. గతుకుల రోడ్లకు, గుంటలకు అనువైనది. యుద్ధకాలంలో ఇంగ్లండులో ఉండిన అమెరికన్ సైనికులు ఈ చిన్న కార్ల మీద మోజుపడ్డారు. యుద్ధానంతరం ఎం.జి.కి అమెరికా బజారు తలుపు తెరిచినది ఆ మోజే. తరువాత వచ్చిన టి.డి.కి 15 అంగుళాల రేకు చక్రాలు వేశారు. ముందు చక్రాలకు విడివిడి స్ప్రింగులు, మెరుగైన స్టీరింగు వచ్చాయి. కారు అన్ని విధాలా మెరుగైనదే. అయినా చువ్వల చక్రం పోయినందుకు పాతకాపులు ముఖం చిట్లించారు. 1962లో ఎం.జి.బి. వచ్చింది. చక్రం 14 అంగుళాలకు దిగింది. 1980లో కర్మాగారం మూతపడేవరకు ఆ కొలత మారలేదు. అయిదు లక్షలకు పైగా తయారైన ఆ కారే నేడు ఎక్కువగా కనిపించేది. సైజు గురించిన వాదోపవాదాలలో సింహభాగం కూడా దానిదే.

తొలి ఎం.జి.బి.కి ‘5.60–14’ టైరు. దానిలో దారాల పొరలు ఏటవాలుగా, ఒకదానికొకటి అడ్డంగా అల్లుకుని ఉంటాయి. మన దేశంలో ఇటువంటివాటినే ‘నైలాన్ టైర్లు’ అనేవారు. కారు మలుపు తిరిగినపుడు పక్క గోడతో పాటు నేలను తాకే భాగం కూడా మెలి తిరుగుతుంది. దీనికి పరిష్కారం ఫ్రాన్సులో దొరికింది. మిష్‌లిన్ కంపెనీ 1946లో పేటెంటు పొందిన రేడియల్ టైరులో దారాలు ఒక అంచునుంచి రెండవ అంచుకు తిన్నగా పోతాయి. వాటి పైన చుట్టూరా గట్టి పట్టీ ఉంటుంది. బండి చక్రానికి కమ్మరి కాల్చి ఎక్కించే ఇనుప పట్టా వంటిదే ఇదీ. పక్క గోడ ఎంత వంగినా, పట్టీ కింది రబ్బరు నేలను అంటిపెట్టుకునే ఉంటుంది. ఎం.జి.బి. తయారీ కాలంలోనే రేడియల్ టైర్లు దానికి అలవాటయ్యాయి. ఆ కారుకు 155 ఎస్.ఆర్. 14గాని, 165 ఎస్.ఆర్. 14గాని వేసేవారు. ఇక్కడ 165 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో, ‘ఎస్’ అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకొనేది, ‘ఆర్’ అంటే రేడియల్. టైరు ఎత్తు ఎంతో చెప్పే అంకె పాత గుర్తులో లేదు. వెడల్పులో నూటికి ఎనభై పాళ్లకు కొంచెం మించి ఉంటుందని ఆనాటి వారందరికీ తెలుసు.

ఈ రెండు రకాలనూ కలిపి వాడడం ప్రాణాంతకం. ముందు రేడియల్, వెనుక పాత రకం వేస్తే కారు వెనుక భాగం ముందుగా జారుతుంది. జారిన తరువాత సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. అందుకే ఇంగ్లండులో చట్టం దానిని నిషేధించింది.

ఇక నేటి యజమాని సంకటం. పాత టైరు అరిగింది. కొత్తది కావాలి. కళ్లెదుట నేటి కార్లన్నీ పదహారు, పదిహేడు అంగుళాల చక్రాలతో, రిమ్ముకు రిబ్బను చుట్టినట్లున్న పలుచని టైర్లతో తిరుగుతున్నాయి. వెడల్పు ఎక్కువైతే పట్టు ఎక్కువ కదా, మన కారుకూ అవే వేద్దామన్న ఆశ పుడుతుంది. ఉదాహరణకు 195/45 ఆర్. 16 టైరును తీసుకుందాం. 195 మిల్లీమీటర్ల వెడల్పులో నూటికి నలభై అయిదు పాళ్లు అంటే సుమారు 88 మిల్లీమీటర్ల ఎత్తు. అది పైనా కిందా కలిపి, దానికి పదహారు అంగుళాల రిమ్మును చేర్చితే మొత్తం వ్యాసం సుమారు 582 మిల్లీమీటర్లు. అసలైన 165 టైరు వ్యాసం సుమారు 626. రిమ్ము పెరిగింది గాని చక్రం తగ్గింది.

ఫలితాలు అక్కడితో ఆగవు. కారు నేలకు 22 మిల్లీమీటర్లు దగ్గరవుతుంది. చక్రం చిన్నది కనుక అదే దూరానికి ఎక్కువ సార్లు తిరగాలి. ఎం.జి.బి. నాలుగవ గేరులో ఇంజను నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగితే కారు గంటకు సుమారు 18 మైళ్లు పోతుంది. 70 మైళ్ల వేగానికి 3900 చుట్లు. కొత్త చక్రంతో అదే వేగానికి 4200 దాకా తిరగవలసి వస్తుంది. దూరప్రయాణంలో ఆ మోత చెవులకే తెలుస్తుంది. స్పీడామీటరు గేరుబాక్సునుంచి లెక్క తీసుకుంటుంది, టైరు మారిందని దానికి తెలియదు. అది 70 చూపినపుడు నిజమైన వేగం 65. దీనికి విరుద్ధంగా మరీ పెద్ద టైరు వేస్తే ముల్లు తక్కువ చూపుతుంది, పోలీసుకు దొరికేది యజమాని.

స్టీరింగు మాట వేరే చెప్పాలి. ఈ కార్లలో చక్రం తిప్పేది డ్రైవరు భుజబలమే. టైరు వెడల్పైన కొద్దీ కారును నిలిపే చోట తిప్పడం దంగలి పట్టినంత పని అవుతుంది. రోడ్డు మీద ఉన్న ప్రతి చారా స్టీరింగును తనవైపు లాగుతుంది. పైగా పాత టైరు ఎత్తైన పక్క గోడ సగం స్ప్రింగు పనిచేసేది. అది పోగానే గతుకులన్నీ వెన్నెముకకు చేరతాయి. పట్టు పెరిగిందనుకున్నా, ఆ అదనపు బలాన్ని మోయవలసినవి అరవై ఏళ్ల నాటి బేరింగులు, చువ్వలు. సన్నని పాత టైరు జారబోయే ముందు మెల్లగా చెప్పి జారుతుంది. వెడల్పైనది చివరిదాకా పట్టుకుని, ఒక్కసారిగా వదులుతుంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు కావడమంటే ఇదే.

అలాగని 1962 నాటి సైజును ఒక్క మిల్లీమీటరూ కదపరాదనడం మూర్ఖత్వం. 185/70 ఆర్. 14 అనే టైరు వ్యాసం సుమారు 615 మిల్లీమీటర్లు. అసలుదానితో పోలిస్తే తేడా నూటికి రెండుకన్నా తక్కువ. చాలామంది దానినే ఎంచుకున్నారు, తప్పు పట్టడానికి లేదు. అయితే దానికి రిమ్ము వెడల్పు అయిదంగుళాలైనా ఉంటే మంచిది. 1970 ప్రాంతంనుంచి వచ్చిన కార్ల అచ్చు రేకు చక్రాలకు ఆ వెడల్పు ఉన్నది. తొలినాటి రేకు చక్రాలు నాలుగంగుళాలవి. వాటికి ఈ టైరు ఎక్కిస్తే, ఇరుకు చెప్పులో లావు పాదంలాగా, పక్క గోడలు ఉబ్బి కారు మలుపులో ఊగుతుంది. వెనుక ఇరుసు కొన్ని కార్లలో ఒక పక్కకు రవ్వంత జరిగి ఉంటుంది. అందువలన ఒకవైపు టైరు మడ్‌గార్డు అంచును రాసుకుంటుంది. బయటి సంతలో దొరికిన చక్రం నాలుగు బోల్టులకూ చక్కగా సరిపోయినా, రిమ్ము లోపలికి ఎంత, బయటికి ఎంత అన్న లెక్క తప్పితే ఇదే గతి. నేటి కార్ల చక్రాలు ఎక్కువగా లోపలికి కూర్చుంటాయి.

నాలుగు వైపులా 165 టైర్లు వేసుకుని, మిగిలిన డబ్బుతో బ్రేకులు బాగుచేయించుకున్నవాడే తెలివైనవాడు. చిక్కల్లా ఆ టైరు దొరకడంలో ఉన్నది. కొత్త కార్లు ఆ కొలతను వదిలివేసినందువలన పెద్ద తయారీదార్లకు దానిపై ఆసక్తి తగ్గింది. వెతకగా వెతకగా ఒకచోట ‘165 ఆర్. 14 సి’ అన్నది చవకగా దొరుకుతుంది. చివరి అక్షరం చూడకుండా కొన్నవారు తరువాత విచారిస్తారు. ‘సి’ అంటే సామాను మోసే వాన్లకు, ట్రెయిలర్లకు చేసినది. బరువు మోయడానికి దాని గోడలు బిరుసుగా ఉంటాయి. తేలికైన స్పోర్ట్స్ కారు కింద అది రాయిలాగా కూర్చుంటుంది, తడి రోడ్డు మీద నమ్మదగినది కాదు.

అందుకే ఆబింగ్డన్‌కు వచ్చిన కార్లు కొన్ని సెప్టెంబరులో మరొక యాత్ర చేస్తాయి. పట్టణం పక్కగా పోయే ఎ34 రహదారి న్యూబరీ, వించెస్టర్‌ల మీదుగా దక్షిణ తీరానికి దిగుతుంది. సౌతాంప్టన్ దాటిన తరువాత న్యూ ఫారెస్ట్ అనే అడవి ప్రాంతం వస్తుంది. గుర్రపు పిల్లలు రోడ్డుకు అడ్డంగా నిలబడి కదలవు. ఎంత వేగవంతమైన కారైనా వాటికోసం ఆగవలసిందే. ఆ అడవిలో బ్యూలీ గ్రామం. మాంటేగు ప్రభువు తన తండ్రి జ్ఞాపకార్థం 1952లో ఇక్కడ తన భవనంలో కొన్ని పాత కార్లను ప్రదర్శనకు పెట్టాడు. అదే పెరిగి జాతీయ మోటారు మ్యూజియం అయినది. 1967 నుంచి ఈ ఆవరణలో పాత కార్ల విడిభాగాల సంత జరుగుతున్నది. తడి గడ్డి మీద పట్టాలు పరచి, తుప్పు పట్టిన దీపాలు, మీటర్లు, గేర్లు, గుట్టలుగా చక్రాలు అమ్ముతారు. మన అంగళ్లలో పాత ఇనుము బేరానికీ, దీనికీ తేడా ధరలోనే.

ఇక్కడ టైరు కొనేవాడు ముందుగా పక్క గోడ మీద తయారీ తేదీని వెతకాలి. 2000 సంవత్సరంనుంచి నాలుగు అంకెలు వేస్తున్నారు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. మూడే అంకెలు ఉంటే అది అంతకు ముందటి శతాబ్దపు సరుకు. గాడులు కొత్తగా నిగనిగలాడుతున్నా, లోపలి రబ్బరు ఎండి, పగుళ్లు బారి ఉంటుంది. స్పోర్ట్స్ కారు యజమాని ఏడాదికి వెయ్యి మైళ్లు కూడా నడపడు. అతని టైరు అరిగి పోదు, ముసలితనంతో పోతుంది. పదేళ్లు దాటిన టైర్లను లారీల, బస్సుల ముందు ఇరుసులకు వాడరాదని బ్రిటన్‌లో 2021 ఫిబ్రవరినుంచి చట్టం వచ్చింది. సొంత కార్లకు ఆ చట్టం వర్తించదు. అక్కడ యజమాని వివేకమే చట్టం.

చువ్వల చక్రాలు కొనడం మరొక విద్య. వాటికి బోల్టులు ఉండవు. పళ్లున్న హబ్బు మీదికి చక్రాన్ని తొడిగి, మధ్య ఉన్న పెద్ద నట్టును రాగి సుత్తితో కొట్టి బిగిస్తారు. కుడి ఎడమల మరలు ఒకదానికొకటి వ్యతిరేకం. పరధ్యానంగా కొడితే బిగించబోయి వదులు చేసినవారవుతారు. నట్టుకు చెవులలాగా పొడుచుకువచ్చిన రెక్కలు బాటసారికి అపాయమని అమెరికా అభ్యంతరపెట్టడంతో, 1960ల చివరలో అక్కడికి పోయే కార్లకు రెక్కలు లేని అష్టకోణపు నట్టు వేశారు. చువ్వల మొనలు రిమ్ములోకి చొచ్చుకువస్తాయి గనుక ఈ పాత చక్రాలలో గాలి నిలవడానికి ట్యూబు తప్పనిసరి. అందుకు తగిన టైరే వేయాలి. నేటి పలుచని టైర్లలో ట్యూబు లోపలి గరుకు గుర్తులకు రాసుకుని, వేడెక్కి, చెప్పకుండా పగిలిపోతుంది.

కనుకనే అనుభవజ్ఞుడు సంతలో చక్రం ధర అడగడానికి ముందు దానిని నిలబెట్టి, జేబులోనుంచి పెన్సిలు తీసి, చువ్వలను ఒక్కొక్కటిగా మీటుతూ పోతాడు. ఎం.జి.బి. చక్రానికి చువ్వలు అరవై. బిగువుగా ఉన్న ప్రతి చువ్వా తంబుర తీగలాగా ఖణేలుమంటుంది. ఖణ్, ఖణ్, ఖణ్. నలభయ్యో, నలభై ఒకటో చువ్వ దగ్గర శబ్దం మారుతుంది. పగిలిన కుండను తట్టినట్లు ఒక మొద్దు చప్పుడు. అతడు మళ్లీ ఒకసారి మీటి చూసి, చక్రాన్ని గుట్టకు ఆనించి, పక్క అంగడికి నడుస్తాడు.